నా నంబరు నుంచి వెళ్లిన మిస్డ్ కాల్

దయ్యం అనే మాట వింటేనే నాకు చిరాకు. భయం కాదు, చిరాకు. ఎవరైనా మా ఇంట్లో చప్పుళ్లు వస్తున్నాయంటే చాలు, ఫ్యాన్ బేరింగ్ చూశారా, నల్లా పైపులో గాలి చేరిందేమో చూశారా అని అడిగి వాళ్ల కథ పాడుచేసే మనిషిని నేను. ఈ గుణం వల్ల చుట్టాల్లో నాకు మంచి పేరేమీ లేదు.

అలాంటివాడిని ఇప్పుడు ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నేను చూసింది చూసినట్టు, టైముతో సహా చెబుతాను.

సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఇల్లు కిరాయిది, పై పోర్షన్. ఉద్యోగం పొట్ట కోసం, మిగతా టైమంతా పిచ్చి కోసం. కాలేజీ వాళ్లు పాత సామాన్ల కింద తీసేసిన కంప్యూటర్లు తెచ్చుకుని, వాటిలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి బతికిస్తాను. నాది కాని పాత రేడియో కనిపించినా విప్పబుద్ధవుతుంది. మా ఆవిడది కోదాడ. "ఏమండీ, ఆ వైర్లు మంచం మీంచి తీస్తే నేను కూడా పడుకుంటాను" అని రోజూ అనేది. ఇప్పుడు అనడం మానేసింది.

ఆదివారం మాత్రం ఆటకు. మిర్యాలగూడలో జానీ అని నా డిగ్రీ దోస్తు ఉన్నాడు, బడిలో లెక్కలు చెబుతాడు. ఇద్దరం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మాట్లాడుకుంటూ నెట్‌లో కార్ల రేసు ఆడతాం. ఆ ఆట లినక్స్ మీద నడవదు. నడిపించడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. "గంత కష్టమెందుకురా, అందరి లెక్క విండోస్ ఏసుకోరాదు?" అని జానీ ఇప్పటికీ ఏడిపిస్తాడు.

ఇక అసలు సంగతి. మా అక్కను పెన్‌పహాడ్ దగ్గర ఒక ఊరికి ఇచ్చాం. బావ పేరు సైదులు. ఊరికి కిలోమీటరు దూరంలో బావి కింద మూడెకరాల వరి. మోటర్ నీళ్లలో మునిగి ఉండే రకం. దాన్ని ఆన్ చేయడానికి, ఆఫ్ చేయడానికి బావ రోజుకు నాలుగుసార్లు పొలానికి తిరిగేవాడు. మోకాళ్లు పోతున్నాయి బామ్మర్దీ అంటే, నేను ఒక బోర్డు తయారుచేసి ఇచ్చాను.

అందులో ఒక సిమ్ ఉంటుంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే, అది ఎత్తకుండా కట్ చేసి మోటర్‌ను నడిపిస్తుంది. నడుస్తున్నప్పుడు మళ్లీ చేస్తే ఆపేస్తుంది. పైసా ఖర్చు లేదు, మిస్డ్ కాల్ అంతే. ఊళ్లో దానికి మిస్డ్ కాల్ మోటర్ అనే పేరే పడిపోయింది. ఎవరు పడితే వాళ్లు చేయకుండా మూడు నంబర్లకే పలికేలా పెట్టాను. బావది, అక్కది, నాది.

ఏ టైముకు ఏ నంబరు నుంచి ఫోన్ వచ్చింది, మోటర్ నడిచిందా ఆగిందా అన్నది ఆ బోర్డు వెంటనే సూర్యాపేటలో మా మంచం కింద ఉండే లినక్స్ కంప్యూటర్‌కు పంపుతుంది. నేను తెర మీద చూడగలను, అంతే. ఇక్కడి నుంచి మీట నొక్కే వీలు కావాలనే పెట్టుకోలేదు. నెట్‌లో ఎవడైనా దూరి మోటర్ నడిపిస్తే ఎట్లా అని జాగ్రత్త.

ఇంత జాగ్రత్త తెలిసినవాడిని ఒక వెధవ పని చేశాను.

కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ ఫోన్ చేయాల్సి వస్తోందని, ఒక్కోసారి మరిచిపోతే మడి ఎండుతోందని బావ విసుక్కున్నాడు. కరెంట్ రాగానే దానంతట అదే నడిచే ఆటో స్టార్టర్లు తీసేయమని కరెంటోళ్లు ఊరూరా చెప్పారు. వాటి వల్ల ప్రాణాలు పోయాయి. బావ కూడా ఎప్పుడో పీకేశాడు. నేను ఆ ఊరెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి, కరెంట్ వచ్చిన రెండు నిమిషాలకు మోటర్ మళ్లీ నడిచేలా నాలుగు లైన్లు రాసేశాను. బావ స్టార్టర్ డబ్బాలోంచి పీకేసిన దాన్నే నేను ప్రోగ్రాంలో పెట్టానన్నమాట. నాది వేరు, నాది తెలివైనది అని పొగరు.

ఆ సంగతి బావకు చెప్పానా? అన్నం దగ్గర చెప్పాననే చాలా రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. చెప్పలేదు.

అది జరిగిన పది రోజులకు, శనివారం సాయంత్రం, నా ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోయి వెనక అట్ట లేచింది. విప్పి బ్యాటరీ పీకేశాను. స్క్రూలు పోకుండా ఒక సీసా మూతలో వేసి, సిమ్‌ను కూడా అందులోనే పెట్టాను. విప్పడానికి ముందు బావతో మాట్లాడిన మాటలే ఆ ఫోన్‌లో చివరివి.

"రేపు పొద్దుగాల లైన్ పనట, కరెంట్ ఉండదట. గప్పుడు బాయిల దిగి మోటర్ జాలీ సాఫ్ జేస్త. నాసు పట్టి నీళ్లు సక్కగ వస్తలేవు" అన్నాడు. జాలీ అంటే మోటర్ నీళ్లు పీల్చే చోట ఉండే జల్లెడ. నేను చేతిలో టంకం పట్టుకుని ఊ కొట్టాను.

ఆదివారం. ఆవిడ శుక్రవారమే కోదాడ వెళ్లింది, తన ఫోన్ తనతోనే ఉంది. ఇంట్లో పనిచేసే ఫోన్ ఒక్కటి కూడా లేదు. జానీ, నేను పది దాటాక ఆటకు కూర్చున్నాం. తెర మూలన బోర్డు తాలూకు చిన్న కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

పదకొండు పదహారుకు దాంట్లో ఒక లైను పడింది. కరెంట్ వచ్చింది అని. చూశాను, పట్టించుకోలేదు. మూడో మలుపులో జానీ నన్ను దాటేస్తున్నాడు.

పదకొండు గంటల పద్దెనిమిది నిమిషాల ఐదో సెకనుకు ఇంకో లైను. మోటర్ ఆన్.

ఆ లైను చదివాక నా కారు ఎటు పోయిందో నాకు తెలియదు. బాయిల దిగి జాలీ సాఫ్ జేస్త అన్న మాట అప్పుడు వినబడింది నాకు, శనివారం కాదు. ఫోన్ చేస్తే తప్ప మోటర్ నడవదు బావా, నువ్వు నిశ్చింతగా ఉండు అని బోర్డు బిగించిన రోజు చెప్పింది నేనే. ఆ మాట నమ్మే మనిషి ఫ్యూజులు ఎందుకు పీకుతాడు!

ఫోన్ కోసం చెయ్యి చాపితే బల్ల మీద దాని డొప్ప దొరికింది.

జానీ నంబరుకు బోర్డు పలకదు. అయినా ప్రోగ్రాంలో అక్క నంబరు ఉంటుంది కదా, ఆ ఫైలు తెరిచి జానీకి చదివి చెప్పాను. "మా అక్కకు చెయ్యి, ఉరికిపోయి ఫ్యూజులు పీకమను, బావ బావిలో ఉన్నాడు" అన్నాను. అక్కనే బోర్డుకు ఫోన్ చేసి ఆపమనొచ్చని ఆ కంగారులో నాకు తట్టనే లేదు. హెడ్‌ఫోన్లు విసిరేసి, మూతలో సిమ్ తీసుకుని పిడికిట్లో పట్టుకుని మెట్లు దిగాను.

కింద ఓనర్ ఆంటీ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఫోన్ ఇవ్వమంటే, "ఏమైంది బిడ్డా, గట్ల ఉరుకుతున్నవ్?" అని ఇచ్చేసింది. సిమ్ పెట్టే అర బయటికి రావడానికి సన్నటి సూది కావాలి. అది అడిగితే తాళి గొలుసుకున్న పిన్నీసు తీసి చేతిలో పెట్టింది. రెండుసార్లు సిమ్ కింద పడింది.

కింద పోర్షన్‌లో నా సిమ్‌కు సిగ్నల్ అందదు. బోర్డు నంబరు కొట్టుకుంటూనే పైకి పరిగెత్తాను. గదిలోకి రాగానే టవర్ గీతలు వచ్చాయి. బొటనవేలు పచ్చ మీట మీదికి తెచ్చాను.

ఎందుకో తెర వైపు చూశాను. ఆన్ అన్న లైను కింద ఇంకొక లైను ఉంది.

ఫోన్ వచ్చింది. మోటర్ ఆఫ్. పదకొండు గంటల పద్దెనిమిది నిమిషాల యాభై రెండో సెకను. పక్కన నంబరు.

నా నంబరు.

వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. అప్పటికి టైము పదకొండు ఇరవై రెండు. నేనింకా ఫోన్ చేయనే లేదు. ఇప్పుడు చేస్తే ఆగి ఉన్న మోటర్ మళ్లీ నడుస్తుంది. ఒక్క అర సెకను తేడా.

ఫోన్‌ను మంచం మీద పడేసి నేల మీద కూలబడ్డాను. హెడ్‌ఫోన్లలోంచి జానీ అరుపులు సన్నగా వినిపిస్తున్నాయి. "అక్క ఉరుకుతుందిరా, ఉన్నవా? ఏమన్న మాట్లాడు!"

మోటర్ ఆగింది, తెర మీద నా నంబరు పడింది అని మాత్రం చెప్పాను. పావుగంట తర్వాత వాడే మళ్లీ చెప్పాడు, బావ బతికే ఉన్నాడని.

జరిగింది ఇది. బావ నడుంలోతు నీళ్లలో నిలబడి, ఒక చేత్తో ఇనుప పైపు పట్టుకుని ఉన్నాడు. కేబుల్‌కు పాత అతుకు ఒకటి ఉంది. మోటర్ నడవగానే షాక్ కొట్టి చెయ్యి పైపుకు పట్టేసింది. అరుద్దామంటే గొంతు రాలేదు. ఉన్నట్టుండి మోటర్ ఆగింది, చెయ్యి ఊడింది, నీళ్లలో పడ్డాడు. పక్క పొలం ఆయన ఆ చప్పుడుకు వచ్చి పైకి లాగాడు. అక్క చేరేసరికి గట్టు మీద పడుకోబెట్టి ఉన్నాడు. అరచెయ్యి కాలింది, అంతకు మించి ఏమీ కాలేదు.

సూర్యాపేట దవాఖానకు తెచ్చారు. ఇంకొంచెంసేపు అయితే గుండె ఆగిపోయేది అన్నాడు డాక్టర్. నేను వెళ్లేసరికి బావ కట్టు కట్టిన చెయ్యి ఎత్తి, "బామ్మర్దీ, నువ్వు ఫోన్ జేసి బంద్ జెయ్యకుంటే ఇయ్యాల ఖతం" అన్నాడు. కంప్యూటర్‌లో నా నంబరు పడిందని జానీ అప్పటికే అక్కకు చెప్పేశాడు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను ఊ అన్నాను.

ఆ తర్వాత నెల రోజులు నేను చేయని పరీక్ష లేదు. బావ ఫోన్ బండి కవర్లో ఉంది, అందులో చేసిన కాల్స్ లేవు. అక్క ఇంట్లో ఉంది, ఆమె ఫోన్‌లోనూ లేవు. మా సిమ్ కంపెనీ నుంచి నా నంబరు వివరాలు తెప్పించుకున్నాను. ఆ రోజు పొద్దున ఒక్క కాల్ కూడా లేదు. ఉండదు కూడా, ఆ సెకనుకు సిమ్ నా పిడికిట్లో ఉంది, లేదంటే మూతలో ఉంది.

బోర్డు పాత నంబరునే మళ్లీ రాసిందేమో అనుకున్నాను. దానికి అంతకుముందు వచ్చిన కాల్ అక్కది. వోల్టేజీ పడి బోర్డు ఆగి మళ్లీ లేచిందేమో అనుకున్నాను. అలా అయితే మోటర్ ఆగుతుంది, నిజమే. కానీ లేచినట్టు ఒక లైను రాస్తుంది, నంబరు రాయదు. ఆ లైను లేదు. బోర్డు లోపలి మెమరీ కార్డు తీసి చూశాను. అక్కడా అదే సెకను, అదే నంబరు. అదే కరెంట్, అదే కేబుల్ పెట్టి వందసార్లు నడిపించాను. ఒక్కసారి కూడా అలా జరగలేదు.

నంబరు దొంగిలించి ఎవడో చేశాడేమోరా అన్నాడు జానీ. సరిగ్గా ఆ నిమిషంలో, మా బావను బతికించడానికా అని అడిగాను.

ఆ నాలుగు లైన్లు ఆ వారమే తీసేశాను. ఊళ్లో అందరూ తప్పు బావదే అంటున్నారు. ఫ్యూజులు పీకకుండా ఎవడైనా దిగుతాడా అని అక్క వచ్చినవాళ్ల ముందల్లా తిడుతోంది. ఆయన నవ్వి ఊరుకుంటున్నాడు. అది భరించడం నా వల్ల కాలేదు.

మొన్న వరి కోతలకు వెళ్లినప్పుడు అక్కను పక్కకు పిలిచి చెప్పేశాను. మోటర్ దానంతట అది నడవలేదక్కా, నేను రాసిన ప్రోగ్రాం నడిపించింది, బావకు చెప్పడం మరిచిపోయాను, తప్పు నాదే అన్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

అక్క పొలం దిక్కు తిరిగింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టింది.

"నడిపిచ్చింది నువ్వే అయితే అయినవ్ తియ్ తమ్మీ. మల్ల బంద్ జేసింది గూడ నువ్వే గద? గా ఒక్కదానికి నీకు అన్నీ మాఫ్."

నోరు తెరిచాను. కాదక్కా, నేను చేయలేదు, ఎవరు చేశారో నాకు తెలియదు అని చెబుదామనే తెరిచాను. ఆమె చెయ్యి ఇంకా నా తల మీదే ఉంది.

అవునక్కా అన్నాను.