సొరబుర్ర విత్తులు

మొన్న ఎండలు ముదిరిన రోజుల్లో, ఏడో తరగతి చదివే మా మనవరాలు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. అందులో ఒక అమ్మాయి ప్లాస్టిక్ సీసాకు తడిగుడ్డ చుట్టి, ఫ్రిజ్ లేకుండానే నీళ్లు చల్లబడతాయని, అదేదో తానే కనిపెట్టినట్టు చెబుతోంది. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. వంగి వంగి నడుము పోయినదాన్ని, ఈ మధ్య ఏది చూసినా ముందు అలసటే వస్తుంది. పొయ్యి పైన దూలానికి వేలాడుతున్న పాత సొరబుర్రను చూపించి, మీ తాతకు నీళ్లు దీంట్లోనే చల్లగా ఉండేవని మాత్రం అన్నాను.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, ఉసూర్ వైపు మా పల్లెల్లో చేనుకు గాని అడవికి గాని బుర్ర లేకుండా ఎవరూ కదిలేవారు కాదు. తీగ మీదే సొరకాయ ముదిరి తొడిమ ఎండేదాకా ఆగాలి, మెడ దగ్గర చిల్లి పెట్టి నీళ్లు పోసి లోపలి గుజ్జు కుళ్లనివ్వాలి, గులకరాళ్లు వేసి ఆడించి, కంపు పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగి, పొగకు వేలాడదీయాలి. మూడో తరగతితో పలక పక్కన పెట్టినదాన్ని, ఈ పని మాత్రం మా అత్త చేత తిట్లు తింటూ నేర్చుకున్నాను.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి మా ఆయన నీళ్లబుర్రకు పగులు పట్టింది. అలాంటి పగుళ్లకు గుగ్గిలం కాచి, కాస్త ఇప్పనూనె కలిపి, వేడి మీద పూసేవాళ్లం. గుగ్గిలం సంతలో కొనాలి, నూనె ఇంట్లో ఉన్నదే. నాకు అప్పటికే దుబారా అంటే గిట్టదు కనుక, గుగ్గిలం చిటికెడు వేసి మిగతాది నూనెతో సరిపెట్టాను. పూత నున్నగా మెరిసింది, ఒక్క బొట్టు కారలేదు, నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆయన దాన్ని భుజానికి తగిలించుకొని తునికాకు కోయడానికి పోయాడు; అడవిలో ఎండ ఎక్కేసరికి నా పూత వెన్నలా కరిగిందట. సాయంత్రం పెదవులు పగిలి వచ్చి, ఖాళీ బుర్రను నా ముందు పెట్టి, "ఇయ్యాల తునికి చెట్లకు నీళ్లు పెట్టొచ్చిన" అని మాత్రం అన్నాడు. మా అత్త ఊరుకుంటుందా. "ఏందే, గుగ్గిలం దాచిపెట్టి మొగుణ్ణి ఎండబెడ్తవా? దాచేదేందో వాడేదేందో తెల్వదా నీకు?" అంది. మర్నాడు గుగ్గిలం నిండుగా వేసి మళ్లీ పూశాను. ఆ పూత ఈనాటికీ ఊడలేదు.

తర్వాత స్టీలు సీసాలు వచ్చాయి. పగలవు, కంపు కొట్టవు అని నేనే ముందు సంతోషించాను. ఆయన పోయిన ఏడు సొరతీగ పెట్టలేదు, మరుసటి ఏడూ పెట్టలేదు. విత్తనానికని విడిగా ఎండబెట్టిన చివరి కాయ విత్తులను బూడిదలో కలిపి, ఆ పాత బుర్రలోనే పోసి, మూతికి గుడ్డ కుక్కి దూలానికి కట్టాను. ఎలుక ముట్టదు, పురుగు పట్టదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఉంటాయని ధీమా. అప్పటికి ఈ మనవరాలు పుట్టనే లేదు.

ఇప్పుడు ఆ పిల్ల, సీసా వద్దు, తనకూ ఒక బుర్ర చేసిమ్మని పట్టుబట్టింది. ఈ ఇంట్లో నన్ను ఎవరైనా ఏదైనా చేసిమ్మని అడిగి చాలా కాలమైంది. తొలి వాన పడగానే బుర్ర దించి, విత్తులన్నీ వంచి, స్నానాల నీళ్లు పారే చోట ఇద్దరం కలిసి పాదు చేసి పెట్టాం. వారం చూశాం, పదిహేను రోజులు చూశాం. పిల్ల బడికి పోయిన వేళ మట్టి తీసి చూస్తే విత్తులు మెత్తబడి, లోపల పప్పు లేకుండా ఉన్నాయి. మళ్లీ కప్పేశాను. పక్క పల్లెలో ఉన్న మా ఆడపడుచు దగ్గరికి పోయి అడిగితే, "సీసాలొచ్చినంక ఆ తీగెవరు పెడ్తున్నరు వదినా, పెడితే నువ్వే పెట్టాలె. నీ దగ్గర ఉంటయనుకున్న" అంది. సంతలో పొట్లాల విత్తులు దొరుకుతాయి గాని, వాటికి కూరకు పనికొచ్చే పొడుగు కాయలే కాస్తాయి. నడుము సన్నగా ఉండే మా కాయ రాదు.

చిరిగిన చీరను బొంతగా, పగిలిన కుండను కోళ్లకు తొట్టిగా మార్చిన చేతులివి, ఒక్క వస్తువు పారేసి ఎరగను. విత్తును ఏటా మట్టికి వదలాలని నాకు తెలియక కాదు. ఆయన లేని ఇంట్లో ఎవరి కోసం ఆ తీగకు నీళ్లు మోయాలని ఒక ఏడు అనుకున్నాను, ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాను. ఊరంతా అలాగే మానేసినట్టుంది, ఎవరికి వారు పక్కింట్లో ఉంటాయిలే అనుకొని.

పిల్ల ఇంకా రోజూ బడికి పోయే ముందు తన సీసాలోంచి కొన్ని నీళ్లు ఆ పాదులో వంచి, "ఇంకెన్ని రోజులకు మొలుస్తయే నానమ్మా" అని అడుగుతోంది. నీళ్లు దండగ చేయొద్దని ఈ నోటితో ఎంతమందిని కసిరానో. దీన్ని మాత్రం అనలేకపోతున్నాను.