సముద్రాన్ని వెనక్కి పంపినవాణ్ణి

ఈ మధ్యాహ్నం జాలరిపేట ఒడ్డున సముద్రం బాగా తగ్గి, నాచు రాళ్లు బయటపడ్డాయి. ఆ వాసనకి అక్కడే ఇసుకలో కూర్చున్నాను.

ఆరేళ్లప్పుడు ఈ సముద్రాన్ని నేనే వెనక్కి పంపాను. "పో!" అంటే మైలు దూరం పోయింది. మైలు కాదులెండి, ముప్పై అడుగులు. రాళ్ల సందులో అమ్మ చేపలు కోసే కత్తి తుప్పుపట్టి దొరికింది. అది పోయిన దగ్గర్నుంచి, పక్కింటి పిన్నే తీసిందని అమ్మ ఆవిడతో మాటలు మానేసింది.

"అమ్మా, నాను పొమ్మంటే సముద్రం ఎలిపోనాది. కత్తి ఇచ్చీసినాది!"

"ఇయ్యాల పున్నమి గదరా! సందమామ లాగితే తగ్గినాది. నీ మాటకేటి?"

పైకి చూశాను. మిట్టమధ్యాహ్నం, చందమామ ఎక్కడా లేడు. అమ్మ కోతలు కోస్తోందనుకున్నాను.

"అది సరే, కత్తి ఆ రాళ్లల్లో ఉన్నట్టు నీకెలాగ తెలిసినాదిరా?"

అంతకుముందు అమావాస్య నాడు రాళ్లు బయటపడితే, ఆ కత్తితో గుల్లలు ఒలిచి, అక్కడే మరిచిపోయింది నేనే. ఆ మాట చెప్తే అమ్మ కొట్టలేదు. కత్తి పట్టుకుని పిన్ని గుమ్మంలోకి తలొంచుకుని నడిచింది.

ఇన్నేళ్లూ ఈ కథ చెప్పినప్పుడల్లా అమ్మ అడిగిన ఆ ప్రశ్న చెప్పకుండా దాటేశాను. ఇవాళ దాటేసే ఓపిక కూడా లేదు.