మేష్టారు ఒకే చోట రాయించిన ఫిల్టర్

మా కంప్యూటర్ మేష్టారు పోయారు. గుండెపోటు. కొత్తపేటలో వాళ్లింటి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను అమలాపురంలో ఆయన సెంటర్‌లోనే ఉన్నాను. ఇంకా రాలేదేమిటని విసుక్కుంటున్నాను కూడా. ఆ విసుగు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

మీలో కొందరికి ఆయన గుర్తుండే ఉంటారు. పదోక్లాసు పిల్లల్ని కూడా ‘అండీ’ అనేవారు. కరెంటు పోతే ఎవర్నీ ఇంటికి పంపేవారు కాదు. “కరెంటే కదండీ పోయింది, బుర్ర ఉందిగా” అంటూ కోడ్ కాగితం మీద రాయించేవారు.

ఆసుపత్రులు కూడా చూసుకునేలా రక్తదాతల జాబితా కోసం ఆయనో ప్రోగ్రాం మొదలుపెట్టారు. అందులో పేర్లు వెతికే తెరలు, అంటే స్క్రీన్లు, రాసింది నేను. చనిపోయిన దాత పేరు తీసేయనిచ్చేవారు కాదు. ‘లేరు’ అని గుర్తు పెట్టమనేవారంతే. “ఆయనిచ్చిన రక్తం ఎవరి ఒంట్లోనో తిరుగుతోందండీ. మనం చెరిపేస్తామా?”

లేనివాళ్లను చూపించొద్దనే షరతు ప్రతి తెరలోనూ విడివిడిగా రాశాను. ఒక్కదాంట్లో మరిచిపోయాను. ఆ తెర చూసి ఉప్పలగుప్తంలో ఒకరింటికి రక్తం కోసం ఫోన్ చేశాను. తండ్రి ఎత్తాడు. “మావోడు పోయి ఏడాదైందండీ” అన్నాడు. మళ్లీ తనే, “నా రక్తం పనికొస్తాదేమో చూడండి” అన్నాడు.

మేష్టారు నన్ను తిట్టలేదు. స్కూటర్ మీద ఉప్పలగుప్తం తీసుకెళ్లి, నాకంటే ముందు తనే క్షమాపణ అడిగారు. తిరిగొస్తూ, “మరిచిపోడం మీ తప్పు కాదండీ. గుర్తుపెట్టుకునే పని మీమీద పెట్టేను చూడండి, అదండీ తప్పు” అన్నారు. ఆ సాయంత్రమే డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీలో, అంటే తెరలన్నీ పేర్లు తెచ్చుకునే కోడ్‌లో, ఒకే ఒక్క చోట ఆ షరతును ఫిల్టర్‌గా రాయించారు. ఇక ఏ తెర అడిగినా ‘లేరు’ గుర్తున్న పేరు రాదు. తెరల్లో నేను రాసిన షరతులన్నీ కొట్టేయించి, “ఆయ్, ఇక మీరు నిశ్చింతగా మరిచిపోవచ్చండీ” అని నవ్వారు.

ఆయనా దాతే. ఓ నెగెటివ్ గ్రూపు. ఇప్పుడాయన పేరుకు గుర్తు పెట్టాల్సింది నేనే. నా వల్ల కాలేదు. పెద్దకర్మ అయ్యాక చూద్దాంలే అనుకున్నాను.

తొమ్మిదో రోజున వాళ్లావిడ ఫోన్ చేశారు. “బాబూ, ఇందాక ఆసుపత్రి నుంచి ఎవరో జాబితా చూసి చేసేరు. రక్తం కావాలండీ, మేష్టారుగారున్నారా అన్నారు. ఏం చెప్పాలో తెలీక పెట్టేసేను.”

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఏ ఇంటికీ రాకూడదని ఆయనంత తాపత్రయపడిన ఫోన్‌ని, నేను ఆయనింటికే రప్పించాను.

మానిటర్ మీద కప్పడానికి ఆవిడ కుట్టిచ్చిన గుడ్డ తీసి, ఆయన పేరుకు ‘లేరు’ గుర్తు పెట్టాను. జాబితా మళ్లీ తెరిస్తే, ఆయన కిందున్న కాట్రేనికోన దాత పేరు ఆయన చోటికి జరిగింది. ఒక్కో తెరా తెరిచి చూశాను. ఒక్కదాంట్లోనైనా నేను తప్పు రాసి, ఆయన పేరు కనిపిస్తే బాగుండునని వెతికాను. ఫిల్టర్ అన్నిట్లోనూ పనిచేసింది.