గడప దాటిన స్టవ్వు

తొంభైలలో చిక్కడపల్లిలో మా మేనమామకు స్టీలు సామాన్లు, స్టవ్వులు అమ్మే చిన్న దుకాణం ఉండేది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క నేనూ అందులోనే కూర్చునేవాణ్ణి. మామ మెత్తని మనిషి. మూత సరిపోలేదని ఎవరైనా తెస్తే మారుమాట లేకుండా మార్చి ఇచ్చేవాడు.

ఒక్క మధ్యాహ్నంతో ఆ మెత్తదనం పోయింది. హైదర్‌గూడ నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, పది రోజుల కింద కొన్న కుక్కర్ పాడైందని డబ్బా బల్ల మీద పెట్టాడు. డబ్బా మాదే. లోపల ఉన్నది మాత్రం ఏళ్ల తరబడి వాడి, అడుగు నల్లబడ్డ పాత కుక్కర్. మామ ఆ మాట అనగానే ఆయన గొంతు పెంచాడు. దారిన పోయేవాళ్లు ఆగారు. తాను దొంగలా కనిపిస్తున్నానా అని వాళ్లనే అడిగాడు. వాళ్లు ఆయన చొక్కా చూసి మామనే తప్పుబట్టారు. కొత్త కుక్కర్ ఇచ్చి పంపాక మామ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇప్పుడు మా అమ్మాయి తాను కుట్టిన సంచులు ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. ప్యాక్ చేసేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటుంది. కొన్నవాళ్లు వేరే వస్తువు తిప్పి పంపితే, ఆ వీడియో చూసి అమ్మిపెట్టే కంపెనీయే నష్టం భరిస్తుందట. అటు కొన్నవాళ్ల ఫిర్యాదూ వింటుందట. మాకు అప్పుడు మధ్యన నిలబడి ఇద్దరి మాటా వినేవాళ్లు లేరు. అందుకని మామ తనకు తోచిన కాపలా పెట్టుకున్నాడు. గిన్నెల మీద పేర్లు చెక్కే మిషన్‌తో ప్రతి సామాను అడుగునా చిన్న గుర్తు వేయించాడు. గడప దాటిన సరుకు వాపసు తీసుకోబడదని బోర్డు పెట్టించాడు. బోర్డు రాసింది నేనే.

నెల తిరక్కుండానే ఒక పాలమూరు కూలీ ఆమె వచ్చింది. అశోక్‌నగర్‌లో కడుతున్న ఒక అపార్ట్‌మెంటులో ఇసుక మోసేది. చంకలో పిల్ల, చేతిలో ముందురోజే మా దగ్గర కొన్న కిరసనాయిలు పంపు స్టవ్వు.

"గాలి కొడితె అతుకు కాడ నూనె కారుతుంది సారు. జర సూడు. పిల్లలున్నరు, అంటియ్యాలంటె భయమైతుంది."

నేను తిరగేసి చూశాను. అడుగున మా గుర్తే ఉంది. మామ స్టవ్వును ముట్టుకోలేదు.

"కింద పడేసి తెచ్చినవ్. గడప దాటినంక నేనేం చేస్త?"

"పడెయ్యలే సారు."

మామ బోర్డు వైపు చెయ్యి చూపించాడు. ఆమెకు చదువు రాదు. నా వైపు చూసింది. నేను అక్కడ రాసి ఉన్నది చదివి వినిపించాను. స్టవ్వు తిరిగి ఆమె చేతికిచ్చాను. ఆమె స్టవ్వును కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

నాలుగో రోజు ఇంకొకరికి చూపించడానికి ఆమె స్టవ్వు వచ్చిన పెట్టెలోంచే ఇంకొకటి తీసి, నూనె పోసి గాలి కొట్టాను. అతుకు దగ్గర కిరసనాయిలు చెమటలా ఊరింది. మిగతావీ చూశాం. ఇంకో రెండు అంతే. మామ ముఖం పాలిపోయింది. "ఉరుకు, ఆమెను తోల్కరా" అన్నాడు.

అశోక్‌నగర్‌లో స్లాబు పని అయిపోయింది, కూలీల గుడిసెలు తీసేశారు. అడిక్‌మెట్ పోయారని వాచ్‌మన్ చెప్పాడు. అక్కడ ఉన్నది వేరే ముఠా. వాళ్లలో ఒకరు, ఆ గుంపు విత్తనాలు వేసుకోవడానికి ఊరికి పోయిందన్నారు. ఏ ఊరో తెలియదు. ఆమె పేరు నేను అడగనే లేదు కాబట్టి ఎవరని వెతకాలో కూడా చెప్పలేకపోయాను.

మామ బోర్డు దించేశాడు. ఆమె గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. నేను మాత్రం చాలా ఏళ్లు, పేపర్లో జిల్లా పేజీ తీసి, స్టవ్వు పేలిందన్న చిన్న వార్తల కోసం వెతికేవాణ్ణి. దొరికితే వయసు చూసేవాణ్ణి, పిల్లలున్నారా అని చూసేవాణ్ణి. దొరకని రోజున కూడా మనసు కుదుటపడేది కాదు.

ఒకసారి నారాయణగూడ చౌరస్తాలో, పిల్లను ఎత్తుకుని బస్సు కోసం నిలబడ్డ ఒకామె వెనక నుంచి అచ్చం అలాగే కనిపించింది. దగ్గరకు వెళ్లి, "అక్కా, ఆ స్టవ్వు..." అన్నాను. ఆమె తిరిగి చూసింది. వేరే మనిషి. బెదిరిపోయి, పిల్లను ఇంకో చంకకు మార్చుకుని దూరం జరిగింది.