నయాపూల్ మీద చెలిమె వాసన

దయ్యాలు, మహిమలు అంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. జహనుమాలో మా గల్లీ ఆడవాళ్లు అలాంటి కథలు మొదలుపెడితే బియ్యం ఏరుకుంటూ నవ్వేదాన్ని. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో పని నాది. చేత్తో పట్టి చూడనిదే ఏ సరుకునూ నమ్మను. అందుకే ఈ సంగతి చెప్పాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

మా అమ్మ పుట్టింది అనంతగిరి కొండల్లో, మూసీ మొదలయ్యే లోయలో. ఆమె చెప్పే మూసీ వేరు. వానాకాలం చేపలు, ఎండ్రకాయలు, ఒడ్డున సీతాఫలాలు, నీళ్లకు దిగే నెమళ్లు. ఎండాకాలం వాగు ఎండిపోతే ఇసుకలో చేత్తో గుంట తవ్వేవారట. దాన్నే చెలిమె అంటారు. అందులో ఊరే నీళ్లే ఊరంతా తాగేది. తమ బిందె నిండాక కూడా ఆ గుంటను పూడ్చేవారు కాదట. పిట్టలు తాగాలి కదా అనేది అమ్మ.

నాకు తెలిసిన మూసీ మాత్రం పట్నంలో నయాపూల్ వంతెన కింది మురుగు. వంతెన రాగానే ఆటోలో అందరి చేతులూ ముక్కుల మీదికి పోతాయి. అమ్మ ఎన్నడూ ముక్కు మూసుకోలేదు. ఆమెకు అవి పుట్టింటి నీళ్లు.

"తల్లిగారింటి నీళ్లను సూసి ముక్కు మూసుకుంటరా ఎవలన్న?" అనేది. "మీ తల్లిగారిల్లు మస్తు కంపు కొడుతుందమ్మా" అని నేను ఆటపట్టించేదాన్ని.

మొన్న చలికాలం ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది కానీ వాసన తెలియకుండా పోయింది. పోపు వేసినా తెలియదు, మల్లెపూలు ముక్కు దగ్గర పెట్టినా తెలియదు. అన్నం మట్టిలా ఉందని కంచం పక్కకు జరిపేది. ఎండలు ముదిరేసరికి చీర కుచ్చిళ్లు నిలవనంతగా చిక్కిపోయింది.

"ఒక్కపారి మా వాగు కాడికి తీస్కపో బిడ్డా" అని రోజూ అడిగేది. అంత దూరం ప్రయాణం వద్దన్నాడు డాక్టరు. ఇలాగే తినకుండా ఉంటే మనిషి దక్కడం కష్టమని నాకు విడిగా చెప్పాడు. ఆమె ముందు ధైర్యంగా ఉండి, వంటింట్లో ఏడ్చేదాన్ని.

ఒకరోజు పొద్దున మళ్లీ ఆసుపత్రికి ఆటోలో బయల్దేరాం. నడి వేసవి. చాలా రోజులుగా చినుకు లేదు. నయాపూల్ ఎక్కగానే అలవాటుగా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

అమ్మ నా చెయ్యి కిందికి లాగింది. "సూడే, చెలిమె వాసన" అంది.

పాపం, మతి చెదిరిందేమో అనుకున్నాను. అంతలో నాకూ తగిలింది. తడి ఇసుక, నలిపిన పచ్చి ఆకు, ఏదో చల్లదనం. ముక్కుకు రుమాలు కట్టుకున్న ఆటో డ్రైవర్ దాన్ని దించి వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా, అత్తర్ గిట్ల పూసుకున్నరా? క్యా ఖుష్బూ హై!"

మా దగ్గర మందుల సంచి తప్ప ఏమీ లేదు. వంతెన దిగేసరికి ఆ వాసన పోయింది. అమ్మ మాత్రం నా భుజం తట్టి, "ఆకలైతుంది" అంది. ఆసుపత్రి గేటు ముందు బండి దగ్గర ఇడ్లీ తిన్నది. చట్నీ గిన్నె పట్టుకుని నేను అందరి ముందే ఏడ్చేశాను.

ఎగువ నుంచి మంచి నీళ్లు వదిలారేమోనని తర్వాత వాకబు చేశాను. లేదన్నారు. అమ్మకు మల్లెపూల వాసన ఇప్పటికీ తెలియదు. తిండి మాత్రం మళ్లీ మానలేదు.

కాస్త కోలుకున్నాక, వానలకు ముందే, డాక్టరు సరే అనడంతో ఆమెను కొండలకు తీసుకెళ్లాను. అక్కడికి నేను వెళ్లడం అదే మొదటిసారి. అమ్మ ఎండిన వాగులో చతికిలబడి ఇసుక తవ్వింది. మెల్లగా నీళ్లు ఊరాయి. వంగి వాసన చూశాను. నయాపూల్ మీద వచ్చింది అదే. నేనెన్నడూ చూడని వాగు వాసన నాకూ, ఆ డ్రైవర్‌కూ అక్కడ ఎలా తగిలిందో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

అమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. దోసిలితో కడుపారా తాగి, గుంటను పూడ్చకుండానే లేచింది.

"నేను రాలేకపోతే తల్లిగారోళ్లే వచ్చి సూసిపోయిన్రు. ఇయ్యాల మనమొచ్చినం. గంతే గద బిడ్డా."