అత్తగారి నీలం పుస్తకం

మొన్న ఇక్కడ సింగపూర్లో, బుకిట్ బటోక్ హాకర్ సెంటర్లో దోసె తింటుంటే, మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి "అంకుల్, బాటమ్ దీవికి వెళ్ళాలంటే టూరిస్టు వీసా కావాలా?" అని అడిగింది. "ముందు నీ పాస్‌పోర్టు ఏ రంగో చెప్పు" అన్నాను. ఆ అమ్మాయి నన్ను పాస్‌పోర్టులు కొట్టేసే ముఠా నాయకుణ్ణి చూసినట్టు చూసి, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. తప్పు నాది కాదు, మా అత్తగారిది.

వై టూ కే పేరు చెప్పి మా బోటి ప్రోగ్రామర్లు ఇక్కడికి బస్తాల లెక్కన దిగుమతైన రోజులవి. మా ఆవిడ పురుటికని పాలకొల్లు నుంచి అత్తగారు దిగింది. ఆవిడది అంతర్జాతీయ స్థాయి అనుమానం. పాలు తెస్తే వాసన చూసేది; వాసన బాగుంటే ఇంకా అనుమానించేది. అల్లుడితో ఎదురుగా మాట్లాడటం వాళ్ళింట ఆచారం కాదు కనక, నాకు చెప్పాల్సిందంతా ఫ్రిజ్‌కి చెప్పేది. చిక్కల్లా, ఇక్కడ ఉండటానికి ఆవిడకిచ్చిన నెల గడువు పురుటికి పది రోజుల ముందే అయిపోతోంది. తొలిచూలు; అమ్మ పక్కన లేకపోతే ఆస్పత్రి గడప తొక్కనని మా ఆవిడ తేల్చేసింది.

ఈ చిక్కుకి మందు పక్క ఫ్లాట్ అంకుల్ చెప్పాడు. ఆయన తాతగారు ఎప్పుడో విశాఖలో ఓడెక్కి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు; ఈయన తెలుగుకి ఇక్కడివాళ్ళ 'లా' తోక తగులుకుంది. "ఫెర్రీలో బాటమ్ పో తంబీ, మకాన్ చేసి, కడుపునిండా తిని, సాయంత్రం రా. తిరిగొస్తే ఇక్కడ కొత్తగా నెల రోజులు ముద్ర కొడతారు. వీసా ఎందుకు లా? నలభై ఏళ్ళుగా పోతున్నా, ఒక్కడూ అడగలేదు." నలభై ఏళ్ళ అనుభవం ముందు నేనెంత? శనివారానికి టిక్కెట్లు కొనేశాను.

శుక్రవారం పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే అత్తగారు ఫ్రిజ్ ముందు నిలబడి, "ఏమీ అడక్కుండా రండి రండి అనేవాడు చీరైనా అంటగడతాడు, పిల్లనైనా అంటగడతాడు" అంది. అంకుల్ని పిలిపించింది. "అన్నయ్యగారూ, మీ పుస్తకం ఓసారి చూపించండి." ఆయన నవ్వుతూ పాస్‌పోర్టు తెచ్చాడు. సింగపూర్‌ది, ఎర్రగా ఉంది. ఆవిడ తన ఇండియా నీలందాన్ని దాని పక్కన పెట్టి, చీరకి జాకెట్టు గుడ్డ కుదిరిందో లేదో చూసినట్టు కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. "అడగనిది ఈ ఎర్రదాన్ని. నీలందాన్ని అడగరని ఎవరు చెప్పారుట?" అంది ఫ్రిజ్‌తో. ఫ్రిజ్ నీళ్ళు నమిలింది. "ఐయో, ఇది నేను యోచించలేదు లా" అని అంకుల్ కూలబడ్డాడు.

ఫోన్ల మీద ఫోన్లు చేశాను. బాటమ్ ఇండోనేషియాది, నీలందానికి అక్కడ వీసా కావాలన్నారు. అది చిన్న సంగతి. ఆవిడకున్న సింగపూర్ వీసా ఒక్కసారి రావడానికేనట. బయటికి పోతే మళ్ళీ రానివ్వరు. అంటే నేను అత్తగారిని నడిసముద్రంలో దింపేసి, నింపాదిగా భోంచేసి తిరిగొచ్చేవాణ్ణన్నమాట. ఇదంతా కావాలనే చేశానని మా ఆవిడ చూపులో స్పష్టంగా రాసుంది. అనుమానం వంశపారంపర్యం.

డాక్టరు ఉత్తరం జతచేసి దరఖాస్తు పెడితే గడువు ఇంకో నెల పొడిగించారు. ఆ ముద్రని కూడా ఆవిడ వేలితో రుద్ది, రంగు అంటలేదని తేలాకే నమ్మింది. నొప్పులొచ్చిన రోజు మా ఆవిడ చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చున్నది ఆవిడే. నర్సు పాపని తెచ్చి ఇవ్వగానే, కాలికి కట్టిన చీటీ నా వైపు తిప్పి, "మన పేరే రాశారా అల్లుడుగారూ? ఇంకోసారి చదవండి" అంది.

ఆ పొడిగించిన నెల ఎంతకీ తెమలడం లేదని అప్పట్లో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకు తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే అది ఒక్క పూటలా ఉంది. ఎప్పుడు గడిచిపోయిందో చూసుకోనే లేదు.