వంటతో సహా కోటెక్కిన ముత్తవ్వ

దేవిదాస్ సార్ పాఠం చెబుతుంటే మొదటి నుంచి చివరిదాకా వినే మనిషి మా బడిలో ఒక్కరే ఉన్నారు. ఆమె ఏ తరగతిలోనూ చదవడం లేదు. పేరు ముత్తవ్వ, పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. తొమ్మిదో తరగతి కిటికీకి ఆనుకునే వంట షెడ్డు ఉంది కాబట్టి, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ సోషల్ పాఠమంతా చెవిన వేసుకుంటుంది. నేను అదే తరగతికి లెక్కలు చెబుతాను. నా పీరియడ్‌లో మాత్రం ఆమె గిన్నెలు తోముతుంది. ఆ విషయంలో నాకు కొంచెం కోపమే.

మా బడి ఆర్మూరు శివార్లలో ఉంది. ఇక్కడికి రాకముందు ముత్తవ్వ పసుపు కొమ్ములు ఏరే పనికి పోయేది. ఇప్పటికీ పెళ్లిళ్లకైనా, బోనాలకైనా, సిద్ధులగుట్ట దగ్గర దావత్‌లకైనా ఆమె చేతి వంటే కావాలంటారు. అందుకని ఎక్కడికి వెళ్లినా ఆమె చూసేది పొయ్యినే. వాడకట్టు వాళ్లతో భద్రాచలం దాకా పోయి, రాముణ్ని చూడకుండా తిరిగొచ్చిన మనిషి. బస్సెడు మందికి పులిహోర కలిపేసరికి గుడి తలుపులు మూశారట. ఈ సంగతి నవ్వుతూనే చెబుతుంది గానీ, రెండోసారి అడిగితే కసురుకుంటుంది.

దేవిదాస్ సార్ అత్తగారి ఊరు జుక్కల్ వైపు. ఏ రాజుల పాఠం మొదలుపెట్టినా ఆయన చివరికి ఆ పక్కనున్న కౌలాస్ కోటకే చేరతాడు. గుట్ట మీది బురుజులు, ఇద్దరు మనుషులు వరసగా పడుకున్నా ఇంకా మిగిలేంత పొడవు ఫిరంగి, శిథిలమైన మహళ్లు. "ఈ ఏడు మిమ్మల్ని తీస్కపోత" అని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేవాడు. పసుపు తవ్వకాలు మొదలైతే సగం మంది పిల్లలు చేలల్లోనే ఉంటారు కాబట్టి, డిసెంబరు దాటితే ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. మొన్నటి డిసెంబరులో మాత్రం నిజంగానే బస్సు మాట్లాడాడు. దారిలో హోటళ్లు మనకు కుదరవు, వంటకు నువ్వు కూడా రావాలని ముత్తవ్వను అడిగాడు.

ముత్తవ్వ గంటె పక్కన పెట్టింది.

"వస్త సార్. గని వంట జేసి కింద కూసోను. పిల్లలతోటి నేను గుట్టెక్కుత. ఇన్నేండ్ల సంది కిటికీల నుంచి ఇంటున్న. మీరు జెప్పే ఫిరంగి ఉన్నదో, ఉత్త ముచ్చటనో నా కండ్లతోటి సూడాలె."

"అట్లనే ముత్తవ్వా, అందరికంటె ముంగట నువ్వే ఎక్కుదువు తియ్యి" అన్నాడు సార్. మాట ఇవ్వడంలో ఆయన ఏనాడూ వెనకాడడు. ఆయనతో చిక్కే అది.

ఆ రోజు ముత్తవ్వ చిలకపచ్చ చీర కట్టుకుని, కాళ్లకు తెల్లటి స్పోర్ట్స్ బూట్లు వేసుకుని వచ్చింది. గుట్ట ఎక్కడానికని నిజామాబాద్‌లో పని చేసే కొడుకుతో పట్టుబట్టి తెప్పించుకుందట. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె సిగ్గుపడి చీర అంచు కిందికి లాక్కుంది గానీ, దారి పొడవునా బూట్లు చూసుకుంటూనే ఉంది.

బాన్సువాడ దాటాక టైరు పంక్చరైంది. డ్రైవరు స్టెపినీ బిగించేలోపు పిల్లలు పక్క తోటలో చింతకాయలు కోసి, తోటాయన చేత తిట్లు తిన్నారు. మళ్లీ బస్సెక్కాక ఆ చింతకాయలన్నీ వాంతుల రూపంలో బయటికొచ్చాయి. ఒకటి నా కొంగు మీదే. విహారయాత్రలంటే నాకు ఎందుకు గిట్టదో అందరికీ అప్పుడు అర్థమై ఉంటుంది.

మొత్తానికి కోట కిందికి చేరి, ఒక చెట్టు నీడన ముత్తవ్వ పొయ్యి పెట్టింది. బగారా అన్నం, గుత్తి వంకాయ, పప్పుచారు ఆమె చేతిలో చకచకా తయారయ్యాయి. చూసి వచ్చాక తిందామన్నాడు సార్. డ్రైవరు పంక్చరైన టైరు బాగు చేయించుకొస్తానని బస్సు తీసుకుని బిచ్కుంద పోయాడు. అప్పటికే గోడల మీద కోతులు బారులు తీరి ఉన్నాయి.

"కోతుల ఫికర్ నాకిడువుండ్రి" అంటూ ముత్తవ్వ పెద్ద మూట విప్పింది. అందులో మంచమంత దుప్పటి, దాని నిండా నోరు తెరిచిన పులి. మా వైపు మక్కజొన్న చేలను కాపాడేది ఇలాంటి పులులే. రెండు వెదురు బొంగులు పాతి, దుప్పటి వేలాడదీస్తే కోతులు గట్టు కూడా తొక్కవు. ముత్తవ్వ బొంగులు కూడా తెచ్చింది కానీ రాతినేలలో అవి దిగలేదు. సరేనని పులి ముఖం పైకి వచ్చేలా దుప్పటిని అన్నం, కూర గంజుల మీదే పరిచింది. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు, అందరి చేలల్లోనూ అదే పద్ధతి. మాదీ మక్క పండే జక్రాన్‌పల్లే, నేనూ పూర్తిగా నమ్మాను.

అయితే ఇవి మక్కచేను కోతులు కావు, టూరిస్టుల చేతి తిండికి అలవాటు పడినవి. ఒక ముసలి కోతి తీరిగ్గా దిగివచ్చి పులి నెత్తి మీద కూర్చుంది. ఇంకోటి దుప్పటి కింద చెయ్యి పెట్టి వంకాయ తీసి, చెయ్యి కాలేసరికి తప్పు మాదే అన్నట్టు పళ్లికిలించింది. కేకలేసి, రాళ్లు విసిరి ఎలాగో తరిమాం. పోయినట్టే పోయి అవి గోడ మీద మళ్లీ కూర్చున్నాయి.

ఎవరో ఒకరు వంట దగ్గర ఉండక తప్పదు. నేనుంటానని ఎగిరి గంతేసినంత పని చేశాను, నా మోకాళ్లకు అంతకన్నా శుభవార్త లేదు. ఆడపిల్లల వెంట లేడీ టీచర్ లేకుండా గుట్ట ఎక్కించొద్దని హెడ్మాస్టరు ఆర్డరన్నాడు దేవిదాస్ సార్. తర్వాత నేల చూపులు చూస్తూ, "ముత్తవ్వా, జర నువ్వే..." అన్నాడు.

ముత్తవ్వ రాయి మీద కూర్చుని, బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది.

ఆమె తిట్టినా బాగుండేది. నాకు సార్ మీద ఒళ్లు మండింది. హెడ్మాస్టరు మీద, కోతుల మీద, ఆ పనికిమాలిన పులి మీద కూడా మండింది. తిట్టడానికి నేను నోరు తెరిచేలోపే భూమిక ముందుకొచ్చింది. నా క్లాసులో భాగహారం అంటే బల్ల కింద దాక్కునే పిల్ల.

"సార్, అన్నం మీదికి పోతే ముత్తవ్వ గూడ మీదికొస్తది గద?"

మా పిల్లలు ఉడికిన పసుపు గంపలు మోసి పెరిగినవాళ్లు. రెండో మాట లేకుండా ఆ వెదురు బొంగులనే గంజుల చెవులకున్న కడాల్లో దూర్చి, ఇద్దరు ముందూ ఇద్దరు వెనకా భుజానికెత్తుకున్నారు. పెరుగు బకెట్ నాకు, పప్పుచారు సార్‌కు దక్కాయి. మిగతా పిల్లలు కట్టెలు పట్టుకుని కోతులకు కాపలా కాశారు. ముత్తవ్వ లేసులు మళ్లీ బిగించుకుని గంటె అందుకోబోతే, అది కూడా ఇవ్వలేదు. ఉత్త చేతులతో నడవడం అలవాటు లేక, ఆమె ఆ చేతుల్ని కాసేపు నడుము మీద, కాసేపు వెనక పెట్టుకుంటూ అందరికంటే ముందు ఎక్కింది.

రెండో దర్వాజా దగ్గర సార్ కాలు జారి, పప్పుచారు సగం ఆయన ప్యాంటు తాగేసింది. "మెల్లగ సార్, ఉప్పు సరిపోయిందా?" అని ముత్తవ్వ పైనుంచి అరిచింది. అందరం నవ్విన నవ్వుకి నేను మోకాళ్ల సంగతే మరిచిపోయాను.

ఫిరంగి కనబడగానే ఆమె ఆగింది. దాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చేత్తో తడుముకుంటూ నడిచింది.

"పండుకో సార్, సూద్దాం."

తడిసిన ప్యాంటుతోనే సార్ ఫిరంగి పక్కన పడుకున్నాడు. ఆయన కాళ్ల దగ్గర భూమిక పడుకుంది. ఇంకా మిగిలింది.

"అబద్ధం జెప్పలే" అంది ముత్తవ్వ. ఏ అవార్డు ఇచ్చినా సార్ ముఖం అంత వెలిగేది కాదు.

తర్వాత ఆమె బురుజు అంచు దగ్గర నిలబడింది. కింద చేలు, ఆ పక్కన ఎండకు మెరిసే నీళ్లు. చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయింది. "మస్తున్నది మేడమ్" అని మాత్రం అంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది, పెరుగు మీద ఈగలు తోలుతున్నట్టు నటించాను.

అక్కడే భోజనాలకు కూర్చున్నాం. భూమిక మొదటి పళ్లెం తెచ్చి ముత్తవ్వ చేతిలో పెట్టింది. అందరూ తిన్నాక తింటనని ఆమె ఎంత గొణిగినా పిల్లలు వినలేదు. చివరికి బురుజుకు ఆనుకుని, బూటు కాళ్లు చాపుకుని, చేల వైపు ముఖం పెట్టి కూర్చుంది.

నాలుగు ముద్దలు తిన్నదో లేదో, వెనక నుంచి ఎవరో పిల్లవాడు అలవాటు ప్రకారం కేకేశాడు.

"ముత్తవ్వా, అన్నం!"

లేవడానికి ఆమె చెయ్యి నేలకు ఆనించింది. ఒక్క క్షణం అలాగే ఉండి, ఆ చెయ్యి తీసేసి మళ్లీ వెనక్కి ఆనుకుంది.

"గంజు గాడ్నే ఉన్నది బిడ్డా, పెట్టుకో" అని, తల తిప్పకుండానే ఇంకో ముద్ద కలుపుకుంది.